తమ్ముడు పుట్టిన నాటి వేట

మా బాపు పోయిన నలభయ్యో దినాన, ఫాతిహా అయిపోయి, వచ్చినవాళ్లంతా వాకిట్లో చాపల మీద కూర్చుని భోంచేస్తుంటే, సాదిక్ మామ మళ్లీ ఆ కథ ఎత్తుకున్నాడు. ఆయన మా అమ్మ తమ్ముడు. పెళ్లికి వచ్చినా, చావుకి వచ్చినా ఆ కథ చెప్పకుండా లేవడు. "మా ఖాసిం బావ దుబాయిల జింక వేటకు వోయిండు. ఆ జింకేమో ఉరుకదు. షేకు తుపాకి వట్టుకోని నిలవడె. వేటకుక్క నీడల వండుకునె. జింక అచ్చి పికప్ పక్కకు నిలవడె. ఇగ బావకు కోపమచ్చి రాళ్లు వట్టి కొట్టి ఉరికిచ్చిండు. గా వేట ముగిచ్చుకోని దవాఖానకు వొయ్యేసరికి వీడు పుట్టి కూసున్నడు" అంటూ మా తమ్ముడు నజీర్ వీపు మీద చరిచాడు. అందరూ నవ్వారు. నజీర్ కూడా నవ్వాడు. బంధువుల్లో సగం మంది వాడిని జింక నజీర్ అనే పిలుస్తారు, వాడికది అలవాటైపోయింది. కూర గిన్నె పట్టుకుని వడ్డిస్తున్న అమ్మ మాత్రం నవ్వలేదు. గిన్నె అక్కడే దించి లోపలికి వెళ్లిపోయింది.

"అది దుబాయి కాదు మామా, బహ్రెయిన్" అన్నాను, ఇంకేం అనాలో తోచక. "ఏదన్న కాని తియ్యి బిడ్డా, అన్ని దుబాయిలే" అన్నాడు మామ. దానికీ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ కథలో అబద్ధం ఒక్క ముక్క లేదు. జింక పరుగెత్తలేదు, కుక్క పడుకుంది, బాపు రాళ్లు విసిరాడు, ఆలస్యంగా ఆసుపత్రికి వెళ్లాం. అబద్ధమైతే కాదని చెప్పి నోరు మూయించొచ్చు. అన్నీ నిజాలే అయిన కథను ఎలా కాదనాలో నాకీ వయసుకూ తెలియలేదు. ఆ రోజు ఆ బండిలో ఉన్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. అందుకే నవ్వులు పక్కనపెట్టి, జరిగింది జరిగినట్టు ఒకసారి రాద్దామని కూర్చున్నాను.

మాది మెట్‌పల్లి దిక్కు. దూదేకులవాళ్లం, ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. బాపు బహ్రెయిన్‌లో, జల్లాఖ్ దగ్గర సముద్రానికి కాస్త ఇవతల ఉన్న ఒక తోటలో, ఒక ముసలి అరబ్బు దగ్గర డ్రైవరుగా చేసేవాడు. డ్రైవర్లు పెళ్లాం పిల్లల్ని తెచ్చుకోవడం మామూలుగా కుదిరే పని కాదు. ఆ ముసలాయన ఎవరికో చెప్పి అమ్మకూ నాకూ వీసా ఇప్పించాడు. మనవలు ఆయన్ని బాబా ఓద్ అని పిలిచేవాళ్లు. పెద్ద నాన్న అని అర్థం, అక్కడ తాతను అలాగే అంటారు. మేమూ అలాగే అనేవాళ్లం. ఆయన చేసిన మేలు మా ఇంట్లో ప్రతి మాటకూ అడ్డొచ్చేది. కూలర్ పనిచేయడం లేదని అమ్మ అన్నా, నన్ను బడిలో ఎప్పుడు వేస్తారని అడిగినా, "ఆ ముసలాయిన లేకుంటె నువ్వీడ ఉంటుంటివా" అని బాపు తేల్చేసేవాడు. ఆ తర్వాత ఇక మాట ఉండేది కాదు.

మా గది తోట వెనక, ఖర్జూరపు చెట్ల వరుస దాటాక, నీళ్ల మోటారు షెడ్డును ఆనుకుని ఉండేది. మోటారు నడుస్తున్నంతసేపూ గోడ సన్నగా అదిరేది. పొద్దున్నే బాపు కారు కడిగే సబ్బునీళ్ల వాసన, ఎండెక్కాక మేకల కొట్టం వాసన, మధ్యాహ్నానికి ముసలాయన ఉండే పెద్దింటి వంటగదిలోంచి పెద్ద డేగిశాలో ఉడికే అన్నం వాసన వచ్చేవి. అమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన జొన్నపిండి ఉన్నన్నాళ్లు రొట్టెలు చేసింది. అది అయిపోయాక దుకాణంలో దొరికే ఖుబూస్ రొట్టెల్నే పచ్చిపులుసులో ముంచుకు తిన్నాం. చింతపండు లేని రోజుల్లో పెద్దింటివాళ్లు కూరల్లో వేసుకునే ఎండు నిమ్మకాయల్ని అడిగి తెచ్చి, నానబెట్టి పిసికేది అమ్మ. ఆ చేదుకు బాపు మొహం ముడిచేవాడు గానీ గిన్నె ఖాళీ చేసేవాడు. అమ్మకు అక్కడ మాట్లాడే ఆడమనిషి ఒక్కరు లేరు. పెద్దింటి వంటావిడది ఏదో వేరే దేశం, ఇద్దరూ సైగలతోనే ఉప్పూ కారం ఇచ్చిపుచ్చుకునేవాళ్లు. మేకలు చూసుకునే మల్లయ్య కాకది మా ఊరికి కాస్త అవతల, ఆర్మూరు పక్క. అమ్మ తెలుగు మాట వినాలంటే బాపు, నేను, మల్లయ్య కాక, అంతే.

బాబా ఓద్ రోజూ సాయంత్రం అసర్ నమాజు తర్వాత రేగుచెట్టు కింద తివాచీ పరిపించుకుని కూర్చునేవాడు. యాలకులు వేసిన పలచటి కాఫీని చిన్న చిన్న కప్పుల్లోకి ఆయనే ఒంపేవాడు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. బాపు పక్కన నిలబడి ఉండాలి. కూర్చోమని ఒక్కోరోజు అనేవాడు, ఒక్కోరోజు మరిచిపోయేవాడు. అప్పుడు మొదలయ్యేవి వేట ముచ్చట్లు. పడుచుతనంలో లారీలు కట్టుకుని అవతలి దేశపు ఎడారికి పోయి రోజుల తరబడి ఉండడం, జింకల మంద లేచినప్పుడు నేల నేలంతా కదిలినట్టు కనబడడం, వేటకుక్కను వదలగానే అది సన్నగా సాగి పోవడం. బాపుకు ఆ భాష సగమే వచ్చు, ఐవా ఐవా అంటూ తలాడించేవాడు. ముసలాయన కొడుకులకు ఆ మాటలు వినే తీరిక లేదు. హమద్ టౌన్‌లో ఉండే మనవలు శుక్రవారాలు వచ్చి టీవీకి ఆట పెట్టె తగిలించుకుని దానికే అతుక్కుపోయేవాళ్లు. జింకల దగ్గరికి రండిరా అని ఆయన పిలిస్తే, పెద్దవాడు తెర మీంచి కళ్లు తిప్పకుండానే తర్వాత అనేవాడు. అప్పుడు ముసలాయన బయటికి వచ్చి, కారు అద్దం మీద మరక ఉందని బాపు మీద అరిచేవాడు.

అప్పటికే అక్కడ జింకల వేట నిషేధం. ఆయన తోటలోనే కంచె కట్టి కొన్ని జింకల్ని పెంచుకునేవాడు. అందులో ఒక పిల్లను దాని తల్లి పాలకు రానివ్వలేదు. మల్లయ్య కాక సీసాలో మేకపాలు పోసి నా చేతికిచ్చాడు. నేను దానికి బుడ్డోడు అని పేరు పెట్టాను. పొద్దున లేవగానే ముఖమైనా కడగకుండా కంచె దగ్గరికి పోయి "బుడ్డోడా" అంటే చాలు, ఎక్కడున్నా వచ్చి నా వేళ్లు నోట్లో పెట్టుకునేది. కొమ్ములొచ్చి మొనదేలాక కూడా అంతే. ఆ పక్కనే బర్గ్ అని ఒక ముసలి వేటకుక్క ఉండేది. సన్నటి నడుము, పొడుగు కాళ్లు. మెరుపు అని దాని పేరుకు అర్థమట. జింకల కంచెకు ఆనుకుని నిద్రపోవడం తప్ప అది చేసిన పనేదీ నేను చూడలేదు.

ఆ చలికాలం బాబా ఓద్ పాత స్నేహితుడు బూ సాలెం సముద్రం మీది వంతెన దాటి అవతలి దేశం నుంచి చూడడానికి వచ్చాడు. ఒకప్పుడు ఇద్దరూ కలిసి వేటలు చేసినవాళ్లు. కంచె దగ్గర నిలబడి, నా చేతిలోంచి రొట్టె తింటున్న బుడ్డోణ్ని చూసి, "నీ జింకలు మేకలైపోయాయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బాబా ఓద్ నవ్వలేదు. రేపు పొద్దున దాన్ని బయలు నేలలో వదిలి కుక్కను ఉసిగొల్పుదాం, అది జింకో మేకో నువ్వే చూద్దువు గాని, అన్నాడు. సొంత దొడ్లోదే కాబట్టి అది వేట కిందికి రాదని ఆయనే ఒక తీర్పు చెప్పేసుకున్నాడు.

ఆ మర్నాటి పొద్దునే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. బాపు పెద్దింటి కారులోనే మనామాలోని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. అమ్మ ముందు సీటును గట్టిగా పట్టుకుని, పళ్లు బిగించి కూర్చుంది. అక్కడ పిల్లల్ని లోపలికి రానివ్వం అన్నారు. మలయాళం నర్సు ఒకామె హిందీలో బాపుతో ఇంకా చాలా టైం పడుతుందని చెప్పింది. ముసలాయనకు చెప్పి వస్తానన్నాడు బాపు.

"జల్దిరా" అంది అమ్మ. "ఈల్ల మాట నాకొక్కటి సమజ్ గాదు."

"గంటల అస్త."

ఆ గంట గురించే అమ్మ ఆ తర్వాత ఎన్నేళ్లయినా మాట్లాడింది. వేట గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మేం తోటకు తిరిగి వచ్చేసరికి అంతా సిద్ధంగా ఉంది. పికప్ వెనక చెక్కపెట్టెలో బుడ్డోడు, దాని పక్కనే గొలుసుకు బర్గ్. బాపు కిందికి దిగుతూనే తనకొచ్చిన అరబ్బీలో, "బాబా, మదామ్ ముస్తష్ఫా. బేబీ" అన్నాడు. ముస్తష్ఫా అంటే ఆసుపత్రి. బాబా ఓద్, "ఖేర్, ఖేర్, దేవుడు మేలు చేస్తాడు" అంటూ బండి ఎక్కేశాడు. ఒక్క గంట పని అన్నాడు. ఇసుకలో బండి తోలడం నీకు తప్ప ఎవరికి వచ్చు అన్నాడు. నన్ను చూసి, "దీన్నీ ఎక్కించు. నా మనవలు చూడలేదు, ఇదైనా చూస్తుంది" అన్నాడు.

మల్లయ్య కాక మేకల పాల గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాడు. "చెప్పరాదే అన్నా, ఇయ్యాల గాదని" అన్నాడు మెల్లగా.

"ఎట్ల చెప్పాలె మల్లన్నా? వీసా ఆయిన చేతులుండె. గంటనే గద" అన్నాడు బాపు. "ఫోను మోగితె జర ఎత్తు. ఆడ ఈ ఇంటి నంబరే ఇచ్చినం."

"ఎత్తితె మాత్రం నాకేం సమజైతదే?"

బండి కదిలింది. నేను వెనక సీట్లో బూ సాలెం పక్కన కూర్చున్నాను. ఆయన దగ్గర ఊదు పొగ వాసన, పొగాకు వాసన కలిసి వస్తున్నాయి. వెనక అద్దంలోంచి చూస్తే పెట్టె సందుల్లో బుడ్డోడి ముక్కు కనబడేది. దక్షిణం దిక్కుకు పోయేకొద్దీ ఇళ్లు తగ్గిపోయి గోధుమరంగు రాళ్ల నేల వచ్చింది. నేల మీదే పాకుతూ పోయే నూనె గొట్టాలు, దూరంగా తల ఊపుతూ నూనె తోడే యంత్రాలు, మోకాలెత్తు ముళ్ల పొదలు. బాపు చేతులు స్టీరింగు మీద అస్తమానం జరుగుతూ ఉన్నాయి.

ఒక మిట్ట దగ్గర ఆపి పెట్టె తలుపు తీశారు. బుడ్డోడు కిందికి దూకి, నాలుగు అడుగులు వేసి, నిలబడి ఒళ్లు దులుపుకుంది. బాబా ఓద్ కుక్క గొలుసు విప్పి ఏదో కేక వేశాడు. బర్గ్ జింక దాకా నడుచుకుంటూ పోయింది. రోజూ చూసే మొహమే కదా, ఒకసారి వాసన చూసి, తిరిగి వచ్చి బండి నీడలో పడుకుంది. బూ సాలెం తలగుడ్డ చివరను నోటికి అడ్డం పెట్టుకున్నాడు. బాబా ఓద్ అరిచాడు, చేతులు చరిచాడు, కుక్కను కాలితో నెట్టాడు. బాపును హారన్ కొడుతూ బండితో తరమమన్నాడు. తరిమితే బుడ్డోడు కాస్త దూరం గెంతి, చుట్టు తిరిగి, నేనున్న కిటికీ పక్కకు వచ్చి తల ఎత్తింది. మళ్లీ తరిమారు. మళ్లీ వచ్చింది. నాకు అదంతా ఆటలా ఉంది. కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాను, అది నా వేళ్లు నాకింది. బూ సాలెం ఇక ఆపుకోలేక గట్టిగా నవ్వేశాడు.

బాబా ఓద్ నా చేతినే చూస్తూ నిలబడ్డాడు. ఆ జింక నన్ను వదిలి పోదని అప్పుడు ఆయనకు అర్థమైంది. కోపం దిగిపోయి మొహం ఒక రకంగా అయింది. సీటు వెనక నుంచి, గుడ్డ చుట్టి పెట్టిన తుపాకి తీశాడు. అది బండిలో ఉందని బాపుకూ తెలియదనుకుంటాను, ఒక్కసారి వెనక్కి జరిగాడు. "పరుగెత్తనిది జింక కాదు. మేకను ఏం చేస్తామో దాన్నీ అదే చేస్తాం" అన్నాడు బాబా ఓద్. బండి పక్కన కాల్చడం కుదరదు కాబట్టి, నన్ను అవతలున్న నూనె గొట్టం దాకా తీసుకెళ్లి జింకను పిలిపించమని బాపుతో అన్నాడు. వచ్చాక నేను పక్కకు తప్పుకుంటే చాలు అన్నాడు. బూ సాలెం నవ్వు ఆపి, "వద్దులే, వదిలెయ్" అన్నాడు. ఆ మాట ఆయన చెవికెక్కలేదు.

బాపు నా చెయ్యి పట్టుకుని దింపాడు. అరచెయ్యి తడిగా ఉంది. గొట్టం దాకా నడిపించి, వాళ్లకు వినబడేలా గట్టి గొంతుతో, ఆజ్ఞ చెబుతున్నట్టే చెప్పాడు. అయితే చెప్పింది తెలుగులో.

"బిడ్డా, ఇను. దాన్ని పేరు వెట్టి పిలువకు. పో అని ఒర్రు. గట్టిగ ఒర్రు."

"ఎందుకు బాపూ?"

"అడుగకు. ఒర్రు. ఎల్లగొట్టు దాన్ని."

నేను "పో" అని అరిచాను. బుడ్డోడు చెవులు నిక్కించింది. "పో, పో" అని ఇంకా గట్టిగా అరిచాను. అది నా వైపు నడిచి రావడం మొదలుపెట్టింది. దానికి నా మాటతో పనేముంది, నా గొంతు వింది. నేను పో అన్నకొద్దీ దగ్గరికొచ్చింది. నిజం చెప్పాలంటే నాకు సంతోషంగానే ఉంది, ఇంతమంది పెద్దవాళ్లు తరిమినా పోనిది నా దగ్గరికి వస్తోందని. నవ్వుతూనే పో పో అంటున్నాను. బాపు మాత్రం, "ఇంక గట్టిగ, తిట్టు, తిట్టు దాన్ని" అంటున్నాడు. వెనక తుపాకి చప్పుడు టక్కుమని వినబడింది, పేలిన చప్పుడు కాదు, ఏదో సర్దిన చప్పుడు.

బాపు నాకూ జింకకూ మధ్యకు వచ్చేశాడు. వంగి రాయి తీసుకుని విసిరాడు. అది పక్కన పడింది. బుడ్డోడు ఆగి చూసింది. ఇంకొకటి విసిరాడు. మూడోది వెనక కాలికి తగిలింది. తడిబట్టను బండకేసి కొట్టినట్టు చప్పుడైంది. అది నిలబడ్డ చోటి నుంచే గాల్లోకి లేచి, దిగి, పరుగందుకుంది. నేను బాపు కాలు పట్టుకుని గుద్దుతున్నాను, బుడ్డోణ్ని కొట్టకు, కొట్టకు అని. ఆయన ఇంకా విసురుతూనే ఉన్నాడు. తుపాకి పేలింది. జింకకు చాలా ఇవతల దుమ్ము లేచింది.

బాబా ఓద్ పరుగు లాంటి నడకతో వచ్చాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. నా గడ్డం పట్టుకుని తల అటు తిప్పి, "చూడు, చూడు, చూశావా ఎలా పోతోందో" అన్నాడు. నా కళ్లనిండా నీళ్లు. ఆయన చూపించాలనుకున్నది ఒకే ఒక్కసారి ఆయన ఎదుట జరిగింది, నాకు దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు.

అక్కడితో అయిపోతే మధ్యాహ్నానికల్లా ఆసుపత్రిలో ఉండేవాళ్లం. కాలు ఈడ్చుకుంటూ పోవడం చూశానన్నాడు బాబా ఓద్. దెబ్బ తిన్న జంతువును వదిలేసి పోవడం వేటగాడి పని కాదన్నాడు. దాన్ని వెతికి ముగించి పోదామన్నాడు. బాపు, "బాబా, ముస్తష్ఫా" అన్నాడు. "అవును, అవును, ఇదిగో, అయిపోతుంది" అన్నాడాయన. అలా మొదలైన వెతుకులాట ఎండ నెత్తికెక్కి, దిగి, పొదల నీడలు పొడుగయ్యేదాకా సాగింది. ఖర్జూరాలు, ఖుబూస్ తిన్నాం. బూ సాలెం సీటుకు తల ఆనించి కునుకు తీశాడు. నాకు ఏడుపు కూడా అయిపోయింది. అమ్మ దగ్గరికి ఎప్పుడు పోతాం అని బాపును అడుగుతూనే ఉన్నాను.

ఒకచోట మిట్ట వాలులో, ముళ్లపొద అవతల, బుడ్డోడు నిలబడి ఉండడం నేను చూశాను. కాలు ఒకటి నేలకు ఆననీయకుండా ఎత్తి పట్టుకుంది. నోరు తెరిచాను. ముందున్న చిన్న అద్దంలో బాపు కళ్లు నన్నే చూస్తున్నాయి. ఆయనా చూశాడు. తల కొద్దిగా అడ్డంగా ఊపి, స్టీరింగు రెండో పక్కకు తిప్పేశాడు. బాబా ఓద్ జాడలు ఇటు కదా పోయాయి అన్నాడు. అటు ఇసుక, బండి దిగబడుతుంది బాబా, అన్నాడు బాపు. ఆ సాయంత్రం అలా ఒకసారి కాదు, రెండు మూడు సార్లు చేశాడు. జింకను చూడని దిక్కుల్లో ఎంతసేపైనా తిప్పాడు.

పొద్దుగూకి, మగ్రిబ్ వేళకు తోటకు చేరాం. మల్లయ్య కాక గేటు దగ్గరే ఉన్నాడు. "పొద్దటిసంది ఫోను మోగుడే మోగుడన్నా. ఎత్తిన. ఆడామె ఏందో అంటది. హస్బెండ్, హస్బెండ్ అని ఒక్కటే ముచ్చట. డ్రైవర్ లేడమ్మా, శికారుకు వోయిండు అన్న. ఆమెకు నా మాట తెలువది, నాకు ఆమె మాట తెలువది. మల్ల మల్ల జేసింది. ఇంతసేపా అన్నా?" ఏమిటి సంగతి అని బాబా ఓద్ అడిగాడు. ఆసుపత్రి అని చెప్పగానే కళ్లు పెద్దవి చేసి, "నీ భార్య కాన్పుకు పోయిందా? నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు.

"పొద్దున చెప్పిన బాబా" అన్నాడు బాపు.

ఆయన ఒక క్షణం ఆలోచించాడు. పొద్దున మాట గుర్తొచ్చిందని మొహంలోనే తెలిసింది. "చెప్పేది గట్టిగా చెప్పాలి కదా" అని కసిరి లోపలికి వెళ్లిపోయాడు.

మేం ఆసుపత్రికి పోయేసరికి, తమ్ముడు అసర్ వేళకే పుట్టాడని చెప్పారు. నేను అద్దం వెనక చూశాను, ఎర్రగా, కళ్లు మూసుకుని ఉన్నాడు. అమ్మకు చాలా రక్తం పోయిందని, ఆపరేషన్ చేయాల్సి వచ్చిందని, ఇక పిల్లలు పుట్టరని ఆ మలయాళం నర్సు వరండాలో బాపుకు హిందీలో చెప్పింది. ఆ మాటలు నాకు తర్వాతెప్పుడో అమ్మ నోటి నుంచి తెలిశాయి. ఆ రోజు తెలిసిందల్లా, బాపు గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చోవడం. ఆ సాయంత్రం చూడడానికి వచ్చేవాళ్లతో పాటు నన్నూ లోపలికి రానిచ్చారు. అమ్మ మొహం పాలిపోయి సున్నం కొట్టినట్టుంది.

"యాడికి వోయినవ్?" అని అడిగింది బాపును.

బాపు నోరు తెరిచేలోగా నేనే, "జింక వేటకు" అన్నాను.

అమ్మ మొహం గోడవైపు తిప్పుకుంది.

ఆ తర్వాత మేం అక్కడ ఎక్కువ కాలం ఉండలేదు. జింకలన్నిటినీ బాబా ఓద్ దగ్గర్లోని జంతువుల పార్కుకు ఇచ్చేశాడు. నాకెవరూ చెప్పలేదు, ఒక పొద్దున రొట్టె పట్టుకుని పోతే కంచె ఖాళీగా ఉంది. బుడ్డోడు తిరిగి రాలేదు. బతికిందో లేదో తెలియదు. బాబా ఓద్ మళ్లీ తుపాకి ముట్టుకోలేదని, వేట ముచ్చట్లు కూడా మానేశాడని, ఆ వేసవికి మంచం పట్టాడని మాత్రం గుర్తు. ఆయన పోయాక కొడుకులు తోట మూసేశారు, మా వీసాలూ దాంతోనే పోయాయి. మెట్‌పల్లి వచ్చాక బాపు ఒక విత్తనాల కొట్టు వ్యాను తోలాడు. సాదిక్ మామ చెప్పే కథ మొదట చెప్పింది బాపే. ఎవరైనా దుబాయి ముచ్చట అడిగితే ఇదే చెప్పేవాడు, ఇలాగే నవ్విస్తూ. కుక్క పడుకోవడం కూడా యాక్షన్ చేసి చూపేవాడు. గొట్టం దగ్గరి సంగతి ఒక్కటే చెప్పేవాడు కాదు. కాలేజీలో ఉన్నప్పుడు ఒకసారి నేనే అడిగాను, "పో అని ఒర్రుమని నాకెందుకు చెప్పినవ్ బాపూ" అని. "గట్లన్ననా? యాదికి లేదు బిడ్డా" అని వ్యాను కింద దూరాడు. అద్దంలో ఆయన కళ్లు నాకెంత యాదికున్నాయో ఆయనకూ అంతే యాదికుండాలి. ఎన్నిసార్లు కదిలించినా అంతే. ఆయనతో ఆ మాట ఎప్పటికీ అనిపించలేకపోయాను.

ఇప్పుడు నా కూతురు ఇంటికి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, ఎక్కడుందో ఫోనులో చుక్కలా కనబడుతుంది. నా కాన్పులప్పుడు మా ఆయన ఆసుపత్రి మెట్ల మీదే కూర్చున్నాడు, ఆఫీసుకు ఒక మెసేజి పెట్టి. సెలవు కావాలని చెప్పడానికి గొంతు గట్టిగా ఉండక్కర్లేదు ఇప్పుడు. ఆ రోజు పెద్దింట్లో ఫోను మళ్లీ మళ్లీ మోగడం, ఎత్తినా మాట అర్థం కాకపోవడం తలుచుకుంటే ఇవాళ్టికీ నాకు చేతులు నలుపుకోవాలనిపిస్తుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. ముసలాయన మీద తెచ్చుకుంటే, నా గడ్డం పట్టుకుని చూడు చూడు అన్న ఆ మొహం గుర్తొస్తుంది. బాపు మీద తెచ్చుకుంటే ఆ తడి అరచెయ్యి.

ఆ నలభయ్యో దినం సాయంత్రం, చుట్టాలంతా వెళ్లాక, అమ్మ పెరట్లో నల్లా దగ్గర పీట వేసుకుని గిన్నెలు తోముతోంది. నేను పక్కన కూర్చుని చెప్పాను. మామ చెప్పే కథలో లేనిదంతా చెప్పాను. ముసలాయన తుపాకి తియ్యడం, నన్ను పిలవమనడం, బాపు వాళ్ల ముందరే తెలుగులో పో అని అరవమనడం, రాళ్లెందుకు విసిరాడో, అద్దంలో తల ఎలా ఊపాడో, బండిని ఎలా తప్పుదారి తిప్పాడో. బాపు కోపం పట్టలేక రాళ్లు విసరలేదు, దాని ప్రాణం కాపాడడానికి విసిరాడు అన్నాను. ఇన్నేళ్లకు ఆయన తరఫున ఒక మాట చెప్పగలిగానని, అమ్మ మనసు కాస్త మెత్తబడుతుందని అనుకున్నాను.

అమ్మ గిన్నె తోమడం ఆపి అంతా విన్నది.

"జింక కండ్లవడ్డదా ఆయినకు?" అంది చివరికి.

"పడ్డది అమ్మా. చూసే బండి తిప్పిండు."

"అప్పుడు వట్టిస్తె?"

నాకు అర్థం కాలేదు.

"అప్పుడు ఆ ముసలాయినకు వట్టిస్తె, మీరు జల్ది వాపసొస్తుంటిరి గద."

ఆ లెక్క నాకు ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా తట్టలేదు.

"ఆయినకు నోరు లేకపాయె, ఆ ముసలోడు ఇడువలేదు, ఏం జేస్తడు పాపం అనుకోని ఊకున్న ఇన్నేండ్లు" అంది అమ్మ. నల్లా తిప్పి చేతుల నురగ కడుక్కుంది. "తెల్సే ఆల్శం జేసిండన్నట్టు."

అది కాదమ్మా అన్నాను. నీళ్ల చప్పుడులో విన్నదో లేదో, కడిగిన గిన్నెలు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.